హెరాల్డ్ లాస్కీ: తరగతి గదికీ ఎన్నికల వేదికకూ మధ్య ఒక జీవితం

ఇంటర్మీడియట్‌లో పౌరశాస్త్రం చదివిన తెలుగు విద్యార్థులకు హెరాల్డ్ లాస్కీ పేరు కొత్త కాదు. రాజ్యం, హక్కులు, స్వేచ్ఛ అనే అధ్యాయాల్లో అరిస్టాటిల్ తరువాత, టి.హెచ్.గ్రీన్ పక్కన ఆయన నిర్వచనం ఒకటి తప్పక ఉంటుంది. రెండు మార్కుల జవాబులో ఒక వాక్యంగా మిగిలిపోయిన ఈ వ్యక్తి ఒకప్పుడు బ్రిటన్ సాధారణ ఎన్నికల్లో ప్రత్యర్థుల ప్రధాన లక్ష్యం. రాజనీతి శాస్త్రానికి విశ్వవిద్యాలయంలో తగిన పీఠమైనా లేని దేశంలో ఆ శాస్త్రానికి ఊపిరి పోసిన అధ్యాపకుడు. రాజకీయాలను బోధించే మనిషి రాజకీయాల్లో దిగవచ్చా అనే ప్రశ్నకు ఆయన తన జీవితాన్నే పణంగా పెట్టి జవాబు చెప్పారు. ఆ జవాబుకు మూల్యం కూడా చెల్లించారు.

లాస్కీ 1893 జూన్ 30న మాంచెస్టర్‌లో సంపన్న యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి నేథన్ లాస్కీ పత్తి వర్తకుడు, నగరంలోని యూదు సమాజానికి పెద్ద, లిబరల్ పార్టీకి గట్టి మద్దతుదారు. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో విన్‌స్టన్ చర్చిల్ లిబరల్ అభ్యర్థిగా మాంచెస్టర్‌లో నిలబడినప్పుడు ఆయనకు అండగా నిలిచినవారిలో నేథన్ ఒకరు. ఆ చర్చిల్ నాలుగు దశాబ్దాల తరువాత అదే ఇంటి కుమారుణ్ణి బ్రిటిష్ ప్రజాస్వామ్యానికి ముప్పుగా చిత్రిస్తారని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

మాంచెస్టర్ గ్రామర్ స్కూల్లో చదువుకునే రోజుల్లోనే కుర్రవాడి వేగం అందరినీ ఆశ్చర్యపరిచింది. ఇంకా పదిహేడేళ్లు నిండీ నిండకముందే సుజనన శాస్త్రంపై రాసిన వ్యాసం ఒక ప్రసిద్ధ పత్రికలో అచ్చయింది. ఆ శాస్త్రానికి పేరు పెట్టిన ఫ్రాన్సిస్ గాల్టన్ స్వయంగా ఆ రచయితను చూడాలని కబురు పంపారు. ఈ శాస్త్రమే ఆయనకు భార్యను కూడా తెచ్చిపెట్టింది. ఫ్రిడా కెర్రీ ఆయనకంటే ఎనిమిదేళ్లు పెద్ద, క్రైస్తవ కుటుంబంలో పుట్టిన యువతి, సుజనన శాస్త్రంపై ఉపన్యాసాలిచ్చేది, మహిళల ఓటు హక్కు కోసం పోరాడేది. 1911లో ఇద్దరూ స్కాట్లాండ్ వెళ్లి రహస్యంగా వివాహం చేసుకున్నారు. వరుడి వయసు పద్దెనిమిదేళ్లు. కుటుంబం ఉగ్రురాలైంది. ఆక్స్‌ఫర్డ్‌లో చదువు ముగిసేదాకా దంపతులు వేరుగా ఉండాలన్న షరతు మీదనే చదువు ఖర్చు భరించడానికి తండ్రి ఒప్పుకున్నారు.

ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూ కాలేజీలో జీవశాస్త్రంతో మొదలుపెట్టిన లాస్కీ త్వరలోనే చరిత్రకు మారారు. అక్కడ ఆయనకు బోధించినవారిలో ఎర్నెస్ట్ బార్కర్ ఉన్నారు. తరువాత కేంబ్రిడ్జ్‌లో రాజనీతి శాస్త్రానికి తొలి ఆచార్యుడు కాబోయే వ్యక్తి ఆయనే. 1914లో లాస్కీ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యారు. అయితే ఆ చదువుల మధ్యనే 1913లో ఓటు హక్కు ఉద్యమం తరఫున ఆక్స్‌టెడ్ రైల్వే స్టేషన్‌లో పేలుడు పదార్థం అమర్చిన సాహసం కూడా ఉంది. అది సరిగా పేలలేదు, ఎవరికీ గాయం కాలేదు. తరువాతి జీవితమంతా మార్పు చర్చ ద్వారా, అంగీకారం ద్వారా రావాలని వాదించిన మనిషి యౌవనంలో ఒక రాత్రి వేరే దారి పట్టాడన్న సంగతి జీవిత చరిత్రకారులు చాలా ఆలస్యంగా బయటపెట్టారు.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. వైద్య పరీక్షలో సైన్యం ఆయనను తిరస్కరించింది. పొట్టకూటి కోసం కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చరిత్ర అధ్యాపకుడిగా చేరి, 1916లో అమెరికాలోని హార్వర్డ్‌కు మారారు. అదే ఏడాది వేసవిలో మిత్రుడు ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ ఆయనను అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్ ఇంటికి తీసుకెళ్లారు. హోమ్స్‌కు అప్పుడు డెబ్భై ఐదేళ్లు, లాస్కీకి ఇరవై మూడు. ఆ భేటీతో మొదలైన ఉత్తరాల రాకపోకలు 1935లో హోమ్స్ మరణించేదాకా ఆగలేదు. ఆ ఉత్తరాలు తరువాత రెండు పెద్ద సంపుటాలుగా వెలువడ్డాయి. వాటిలో విద్వత్తు ఎంత ఉందో కల్పన కూడా అంతే ఉంది. తాను కలవని పెద్దలను కలిసినట్టు, జరగని సంభాషణలు జరిగినట్టు రాయడం లాస్కీకి అలవాటు. స్నేహితులు దాన్ని ఎరిగీ క్షమించారు. చరిత్రకారులకు మాత్రం ఇప్పటికీ అది తలనొప్పే.

1919 సెప్టెంబరులో బోస్టన్ నగర పోలీసులు సమ్మెకు దిగారు. తమ సంఘానికి గుర్తింపు కావాలన్నది వారి కోరిక. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ పోలీసుల స్థానంలో స్వచ్ఛందంగా పనిచేయమని విద్యార్థులకు పిలుపునిచ్చారు. విదేశీయుడు, యూదు, పాతికేళ్లు దాటీ దాటని అధ్యాపకుడైన లాస్కీ సమ్మె చేస్తున్నవారి సభలో మాట్లాడారు. పత్రికలు మండిపడ్డాయి. 1920 జనవరిలో విద్యార్థుల హాస్య పత్రిక ఒక సంచిక మొత్తాన్ని ఆయనను, ఆయన జాతిని ఎగతాళి చేయడానికే కేటాయించింది. లోవెల్‌కు లాస్కీ అభిప్రాయాలు ఏమాత్రం నచ్చలేదు. అయినా ఆయనను తొలగిస్తే తాను కూడా రాజీనామా చేస్తానని పాలక మండలికి స్పష్టం చేశారు. ఉద్యోగం నిలిచింది. కానీ ఇక అక్కడ ఎదుగుదల ఉండదని లాస్కీకి అర్థమైంది. అదే ఏడాది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పిలుపు అందుకుని తిరిగి వచ్చారు. మరణించేదాకా ఆ సంస్థను విడిచిపెట్టలేదు.

ఇల్లు లేని శాస్త్రం

లాస్కీ తిరిగి వచ్చేనాటికి బ్రిటన్‌లో రాజనీతి శాస్త్రానికి సొంత ఇల్లు దాదాపుగా లేదు. ప్లేటో, హాబ్స్‌లను తత్వశాస్త్ర విభాగం చెప్పేది. పార్లమెంటు పుట్టుక చరిత్ర విభాగం సొత్తు. రాజ్యాంగం న్యాయశాస్త్రం కిందికి వచ్చేది. పరిపాలన అంటే పెద్దింటి పిల్లలు ఉద్యోగంలో చేరాక నేర్చుకునే విద్య. అమెరికా రాజనీతి శాస్త్రజ్ఞులు 1903లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. బ్రిటన్‌లో అలాంటిది ఏర్పడటానికి 1950 దాకా పట్టింది.

ఈ పరిస్థితిలో తొలి కదలిక లండన్ నుంచే వచ్చింది. ఫేబియన్ సొసైటీ సభ్యుడొకరు చనిపోతూ వదిలివెళ్లిన సొమ్ముతో సిడ్నీ వెబ్, బియాట్రిస్ వెబ్, జార్జ్ బెర్నార్డ్ షా, గ్రాహం వాలస్ కలిసి 1895లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌ను స్థాపించారు. పేరులో అర్థశాస్త్రంతో పాటు రాజనీతి శాస్త్రమూ ఉంది. వాడుకలో మాత్రం ఆ రెండో సగం రాలిపోయింది. అక్కడ రాజనీతి శాస్త్రానికి తొలి ఆచార్యుడు వాలస్. మనుషులు బుద్ధితో ఓటు వేస్తారన్న నమ్మకాన్ని 1908లోనే ప్రశ్నించి, అలవాటు, భావోద్వేగం, ప్రతీకలు రాజకీయాలను ఎలా నడుపుతాయో ఆయన వివరించారు. ఆక్స్‌ఫర్డ్‌లో 1912లో గ్లాడ్‌స్టన్ పేరిట ఒక ఆచార్య పీఠం ఏర్పడింది. 1920లో అక్కడే తత్వశాస్త్రం, రాజకీయాలు, అర్థశాస్త్రం కలిపిన డిగ్రీ కోర్సు మొదలైంది. కేంబ్రిడ్జ్‌లో పీఠం కోసం 1928 దాకా ఆగవలసి వచ్చింది. దానికి కూడా అమెరికాలోని రాక్‌ఫెల్లర్ నిధి డబ్బిచ్చింది.

వాలస్ పీఠాన్ని 1926లో లాస్కీ అధిష్ఠించారు. అప్పటికి ఆయనకు ముప్పై మూడేళ్లు. రాజకీయాల అధ్యయనం చరిత్ర మీద నిలబడాలన్నది ఆయన ప్రారంభోపన్యాసంలోని సారం. సంస్థలు ఎలా పనిచేస్తున్నాయో తెలియాలంటే అవి ఎందుకు పుట్టాయో, ఎవరి ప్రయోజనం కోసం మారాయో తెలియాలని ఆయన వాదించారు. ఈ శాస్త్రాన్ని భౌతికశాస్త్రంలా కొలతలు, సూత్రాల చుట్టూ కట్టవచ్చన్న ఆశ ఆయనకు లేదు. బ్రిటన్‌లో ఆ సంకోచం చాలాకాలం నిలిచింది. 1950లో ఏర్పడిన సంఘం కూడా తన పేరులో శాస్త్రం అనే మాటను పెట్టుకోకుండా అధ్యయనం అనే మాటతో సరిపెట్టుకుంది.

అధ్యాపకుడిగా ఆయన ప్రభావానికి పీఠం కంటే ముందు పుస్తకాలే కారణం. రాజ్యానికి తిరుగులేని, అవిభాజ్యమైన సార్వభౌమాధికారం ఉందన్న జాన్ ఆస్టిన్ సిద్ధాంతాన్ని ఆయన 1917 నుంచే ఎదుర్కొన్నారు. మనిషి కేవలం పౌరుడు కాడు. ఏదో ఒక చర్చికి చెందినవాడు, ఏదో ఒక కార్మిక సంఘంలో సభ్యుడు, ఏదో ఒక ఊరివాడు. ఆ సంఘాలన్నీ అతని విధేయతను కోరతాయి. రాజ్యం కూడా వాటిలో ఒకటే. అది విధేయతను హక్కుగా అడగలేదు, తన పనితీరుతో సంపాదించుకోవాలి. బోస్టన్‌లో పోలీసుల సంఘం పక్షాన నిలబడటానికి వెనుక ఉన్నది ఈ ఆలోచనే. దీనికే బహుత్వవాదమని పేరు.

1925లో వచ్చిన రాజకీయాల వ్యాకరణం అనే బృహత్ గ్రంథంలో ఈ వాదన కొంత మెత్తబడింది. సంఘాల మధ్య సమన్వయానికి రాజ్యం తప్పదని ఆయన ఒప్పుకున్నారు. ఏ రాజ్యమైనా తాను కాపాడే హక్కులను బట్టే గుర్తింపు పొందుతుందని, మనిషి తన పూర్తి ఎత్తుకు ఎదగడానికి సమాజంలో ఉండవలసిన పరిస్థితులే హక్కులని వివరించారు. పనిచేసే హక్కు, తగిన వేతనం, విద్య, తీరిక వంటివి ఆ జాబితాలో చేరాయి. తెలుగు విద్యార్థి బట్టీ పట్టే నిర్వచనం పుట్టింది ఆ పుస్తకంలోనే. భారత విశ్వవిద్యాలయాల్లో తరతరాల విద్యార్థులకు అది పాఠ్యగ్రంథమైంది.

లాస్కీ వచనం గురించి ఒక మాట చెప్పక తప్పదు. వేదిక మీద చేతిలో కాగితం లేకుండా అనర్గళంగా, హాస్యంగా మాట్లాడే మనిషి కాగితం మీద మాత్రం వాక్యాలను తీగల్లా సాగదీసేవారు. రాజకీయ భాష ఎంత అస్పష్టంగా మారిందో చూపుతూ 1946లో జార్జ్ ఆర్వెల్ రాసిన వ్యాసంలో మొదటి చెడ్డ ఉదాహరణ లాస్కీదే. యాభై మూడు మాటల వాక్యంలో ఐదు సార్లు వ్యతిరేకార్థం వచ్చి, చివరికి రచయిత ఏమన్నాడో అర్థం కాదన్నది ఆర్వెల్ ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. ఆ గ్రంథంతో కుస్తీ పట్టిన మన విద్యార్థులు ఆర్వెల్‌తో వెంటనే ఏకీభవిస్తారు.

జ్యూరీలో ఒక్కడు

భారతదేశంతో లాస్కీ అనుబంధం తరగతి గదిలో మాత్రమే ఏర్పడింది కాదు. 1924లో లండన్‌లో ఒక పరువు నష్టం దావా విచారణకు వచ్చింది. జలియన్‌వాలా బాగ్ మారణకాండ జరిగినప్పుడు పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న మైకేల్ ఓ డ్వయర్ వాది. కాంగ్రెస్ మాజీ అధ్యక్షుడు, వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి నుంచి రాజీనామా చేసిన సర్ శంకరన్ నాయర్ ప్రతివాది. పంజాబ్ దురంతాలకు ఓ డ్వయర్ బాధ్యుడని నాయర్ తన పుస్తకంలో రాశారు. ఐదు వారాలు సాగిన ఆ విచారణలో న్యాయమూర్తి మెకార్డీ మొగ్గు ఎటో దాచుకోలేదు. పన్నెండు మంది జ్యూరీలో పదకొండు మంది ఓ డ్వయర్ పక్షాన నిలిచారు. నాయర్ వైపు నిలిచిన ఆ ఒక్కడు లాస్కీ. నాయర్ 500 పౌండ్ల నష్టపరిహారం, దానితో పాటు ఖర్చులూ చెల్లించవలసి వచ్చింది. ఆ ఒక్క ఓటు తీర్పును మార్చలేదు. కానీ ఇంగ్లండ్ జ్యూరీ కూడా ఏకగ్రీవం కాలేదన్న వాస్తవం రికార్డులోకి ఎక్కింది.

వి.కె.కృష్ణమీనన్ 1920లలో లాస్కీ దగ్గర చదువుకున్నారు. ఆయన నడిపిన ఇండియా లీగ్ సభల్లో గురువు తరచూ ప్రధాన వక్త. 1931లో రౌండ్ టేబుల్ సమావేశం జరుగుతున్నప్పుడు లార్డ్ ఛాన్సలర్ శాంకీకి లాస్కీ తెర వెనుక సలహాదారుగా పనిచేశారు. 1930లలో న్యాయవిద్య కోసం లండన్ వెళ్లిన జ్యోతిబసు ఆయన ఉపన్యాసాలకు హాజరయ్యేవారు. జవహర్‌లాల్ నెహ్రూ మాత్రం, చాలామంది అనుకునేట్టు, లాస్కీ విద్యార్థి కారు. నెహ్రూ చదివింది కేంబ్రిడ్జ్‌లో ప్రకృతి శాస్త్రాలు, తరువాత లండన్‌లో న్యాయశాస్త్రం. అది కూడా లాస్కీ లండన్‌లో బోధన మొదలుపెట్టడానికి చాలా ముందు. స్వతంత్ర భారత ప్రణాళికా విధానమంతా లాస్కీ తరగతి గదిలో పుట్టిందనే మాట, పొగడ్తగా అన్నా నిందగా అన్నా, అతిశయోక్తే.

ఒక విద్యార్థి కథ మాత్రం అతిశయోక్తి కాదు. కేరళలోని ఉళవూరు అనే పల్లెలో పేద దళిత కుటుంబంలో పుట్టిన కె.ఆర్.నారాయణన్ టాటా ఉపకార వేతనంతో 1945లో లండన్ చేరి, లాస్కీ శిష్యుడై ప్రథమ శ్రేణి సాధించారు. 1948లో ఆయన స్వదేశానికి బయలుదేరుతుంటే లాస్కీ నెహ్రూకు ఒక పరిచయ లేఖ రాసి ఇచ్చారు. ఢిల్లీలో ప్రధానిని కలిసినప్పుడు నారాయణన్ కాసేపు లండన్ సంగతులు మాట్లాడి, సెలవు తీసుకుంటూ ఆ ఉత్తరం చేతిలో పెట్టి బయటికి నడిచారు. నాలుగడుగులు వేసేసరికి వెనుక నుంచి చప్పట్లు వినిపించాయి. ఉత్తరం చదివిన నెహ్రూ వెనక్కి పిలుస్తున్నారు. దీన్ని ముందే ఎందుకు ఇవ్వలేదని అడిగారు. ఆ సంభాషణ నారాయణన్‌ను విదేశాంగ సర్వీసులోకి, అక్కడి నుంచి కాలక్రమంలో రాష్ట్రపతి భవన్‌కు దారితీసింది. ఈ ఉదంతాన్ని నారాయణనే తరువాత పలుమార్లు చెప్పారు.

విద్యార్థులను ఆదరించడం లాస్కీకి సహజంగా అబ్బిన గుణం. పశ్చిమ లండన్‌లోని ఆయన ఇంట ఆదివారం సాయంత్రాలు తేనీటి వేళకు తలుపులు తెరిచే ఉండేవి. మంత్రులు, వలస దేశాల కుర్రవాళ్లు, నాజీల బారి నుంచి తప్పించుకుని వచ్చిన శరణార్థులు ఒకే గదిలో కూర్చునేవారు. పుస్తకాలు అరువిచ్చేవారు, అవసరమైతే డబ్బూ ఇచ్చేవారు.

అంగీకారం మీద అనుమానం

1931లో ఆర్థిక సంక్షోభం మధ్య రామ్సే మెక్‌డొనాల్డ్ లేబర్ ప్రభుత్వం కూలింది. మెక్‌డొనాల్డ్ కన్సర్వేటివ్‌లతో చేతులు కలిపి జాతీయ ప్రభుత్వం ఏర్పరిచారు. రెండేళ్లకు జర్మనీలో హిట్లర్ వచ్చారు. లాస్కీ ఆలోచనలో ఇక్కడే పెద్ద మలుపు. ఓటు ద్వారా కార్మికుల పార్టీ అధికారానికి వచ్చి ఆస్తి సంబంధాలను మార్చబోతే, ఆస్తి ఉన్నవారు ఆ ఓటును గౌరవిస్తారా? ఈ ప్రశ్న ఆయనను మార్క్సిజం వైపు నడిపింది. తన వ్యాకరణ గ్రంథానికి 1938లో వచ్చిన కూర్పులో, రాజ్యం వర్గ ప్రయోజనాల సాధనమన్న వాదనతో కొత్త తొలి అధ్యాయం చేర్చారు. పాత పుస్తకాన్ని మార్చలేదు, దాని ముందు కొత్త సందేహాన్ని నిలబెట్టారు. ఒకే అట్టల మధ్య ఇద్దరు లాస్కీలు వాదించుకుంటున్నట్టు ఉంటుంది ఆ కూర్పు.

1934లో మాస్కోలో ఇచ్చిన ఉపన్యాసాలపై లండన్ పత్రికలు గగ్గోలు పెట్టాయి. సంస్థ డైరెక్టర్ విలియం బెవెరిడ్జ్‌కు లాస్కీ రాజకీయాలు మొదటి నుంచీ కంటగింపు. సామాజిక శాస్త్రాలు పక్షపాతం లేని పరిశీలనగా ఎదగాలని, అధ్యాపకులు పార్టీ వేదికలకు దూరంగా ఉండాలని బెవెరిడ్జ్ కోరిక. పక్షం లేదని చెప్పుకునే శాస్త్రం కూడా ఒక పక్షమే వహిస్తుందని లాస్కీ నమ్మకం. ఇద్దరి వాదనలోనూ కొంత నిజం ఉంది, అందుకే ఆ తగవు తెగలేదు. 1936లో ప్రచురణకర్త విక్టర్ గొలాంజ్, జాన్ స్ట్రేచీలతో కలిసి లాస్కీ లెఫ్ట్ బుక్ క్లబ్ స్థాపించారు. 1937లో లేబర్ పార్టీ జాతీయ కార్యనిర్వాహక వర్గానికి ఎన్నికై పన్నెండేళ్లు అందులో కొనసాగారు.

1945 ఎన్నికలు ఆయన జీవితంలో విజయమూ, పతనమూ ఒక్కసారే తెచ్చాయి. అప్పుడు ఆయన పార్టీ అధ్యక్ష స్థానంలో ఉన్నారు. ఆ పదవి ఏటా మారేది, అధికారం పెద్దగా లేనిది. పోట్స్‌డామ్ సమావేశానికి చర్చిల్ వెంట క్లెమెంట్ అట్లీ వెళ్లినా పరిశీలకుడిగానే ఉండాలని లాస్కీ ప్రకటన చేశారు. దాంతో అట్లీ వెనుక ఎవరూ ఎన్నుకోని ఆచార్యుడొకడు పగ్గాలు పట్టుకుని ఉన్నాడని కన్సర్వేటివ్ పత్రికలు ప్రచారం హోరెత్తించాయి. ఓటర్లు దాన్ని పట్టించుకోలేదు. లేబర్ పార్టీకి 393 స్థానాలు వచ్చాయి. అట్లీ మాత్రం పట్టించుకున్నారు. అంతకు ముందే నాయకత్వం నుంచి తప్పుకొమ్మని తనకు ఉత్తరం రాసిన మనిషి మీద ఆయనకు ఓపిక నశించింది. కొంతకాలం మౌనంగా ఉంటే సంతోషిస్తామని ఆగస్టులో పొడిగా ఒక లేఖ రాశారు. తన పార్టీ అప్పటిదాకా చూడనంత పెద్ద విజయం సాధించిన వేళ లాస్కీ ప్రభావం అంతమైంది.

ఆ ఎన్నికల ప్రచారంలోనే ఇంగ్లండ్ నడిమి ప్రాంతంలోని న్యూవార్క్ పట్టణంలో ఒక సభలో అడిగిన ప్రశ్నకు లాస్కీ జవాబిచ్చారు. అవసరమైతే హింసతోనైనా సోషలిజం తెస్తామని ఆయన అన్నారని స్థానిక పత్రిక రాసింది. ఆయన పరువు నష్టం దావా వేశారు. 1946 చివర్లో ప్రధాన న్యాయమూర్తి గోడార్డ్ ముందు విచారణ జరిగింది. ప్రతివాదుల న్యాయవాది పాట్రిక్ హేస్టింగ్స్ ఆయన పాత పుస్తకాలు ఒక్కొక్కటే తెరిచి, విప్లవం గురించి రాసిన పేరాలు చదివి వినిపించారు. పాలకవర్గం లొంగకపోతే హింస జరిగే ప్రమాదం ఉందని హెచ్చరించడం వేరు, హింసకు పిలుపునివ్వడం వేరు. తరగతి గదిలో ఆ తేడా చెప్పడానికి గంట సమయం ఉంటుంది. సాక్షి బోనులో అవును, కాదు అనే రెండు మాటల మధ్య అది నిలబడలేదు. జ్యూరీ త్వరగానే పత్రిక పక్షాన తీర్పు చెప్పింది. వేల పౌండ్ల ఖర్చు మీద పడితే బ్రిటన్‌లోని పార్టీ మిత్రులు, అమెరికాలోని అభిమానులు చందాలు వేసుకుని ఆదుకున్నారు. జ్యూరీల మీద, ఇంగ్లండ్ న్యాయం మీద ఉన్న నమ్మకం చెదిరిపోయి ఆయన ఆ తరువాత కోలుకోలేదని సన్నిహితుల అభిప్రాయం.

1950 ఫిబ్రవరి ఎన్నికల్లో అనారోగ్యంతోనే ప్రచారానికి తిరిగారు. మార్చి 24న కన్నుమూశారు. వయసు యాభై ఆరేళ్లు.

ఖాళీ అయిన పీఠానికి సంస్థ మైకేల్ ఓక్‌షాట్‌ను ఎంచుకుంది. సంప్రదాయవాది, ప్రణాళికలను, సిద్ధాంతాల పేరిట సమాజాన్ని మలిచే ప్రయత్నాలను నమ్మని తత్వవేత్త. 1951లో ఆయన చేసిన ప్రారంభోపన్యాసం, తనకు ముందు ఆ పీఠంలో కూర్చున్నవారి ఆశావాదాన్ని మర్యాదగానే అయినా నిర్మొహమాటంగా పక్కన పెట్టింది. లాస్కీ శిష్యులు చాలామంది దాన్ని అవమానంగా భావించారు. మూడేళ్ల తరువాత, 1954లో, అహ్మదాబాద్‌లో పి.జి.మావలంకర్ ఒక రాజనీతి శాస్త్ర సంస్థను నెలకొల్పి దానికి హెరాల్డ్ లాస్కీ పేరు పెట్టారు.